వంత పట్టినవాళ్లకే కథ వస్తుంది

నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడని మన దగ్గర గట్టి నమ్మకం. అందుకే బొమ్మలు వేసే పిల్ల ఎవరైనా "యానిమేషన్ నిర్మాతనవుతా" అంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న "పైసలెక్కడివి బిడ్డా?" అనే. యానిమేషన్‌లో నిర్మాత పని అంతకంటే చాలా పెద్దది. కథను ఎంచుకోవాలి. దాన్ని ఎవరు రాయాలో, ఎవరు గీయాలో, ఏ షాట్ ఏ వారానికి చేతికి రావాలో తేల్చాలి. మధ్యలో మనుషులు అలిసిపోతారు, మాట పట్టింపులొస్తాయి, డబ్బు ఆగుతుంది. అన్నిటినీ దాటించి చివరి ఫ్రేము దాకా కథను నడిపించాలి. డబ్బును అడిగి తేవచ్చు, పనిచేసి తేవచ్చు, చానల్ దగ్గర ఒప్పందం చేసుకుని తేవచ్చు. మొదలుపెట్టిన కథను కొసకు చేర్చే అలవాటు మాత్రం ఇంకొకరి పక్కన కూర్చుని పనిచేస్తేనే వస్తుంది.

ఈ అధ్యాయం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఉండి, కథలు చెప్పాలని ఉబలాటపడుతూ, ఎవరిని కలవాలో తెలియక ఆగిపోయిన వాళ్ల కోసం. అక్కడినుంచే హైదరాబాద్ వెళ్లి స్టూడియోల్లో నిలదొక్కుకుని, తర్వాతి వాళ్లకు ఏమైనా చేయాలనుకునే వాళ్ల కోసం కూడా.

ముందు ఒక నిర్మాత దారి చూద్దాం. రాజీవ్ చిలక అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ ప్రాంగణంలో కంప్యూటర్ సైన్స్ పీజీ చేశారు. ఆ రోజుల్లో ఆ చదువు చేతిలో ఉంటే జీవితం స్థిరపడ్డట్టే. ఆయన మాత్రం దాన్ని పక్కనపెట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకోవడానికి మళ్లీ బడిలో చేరారు. 2001లో హైదరాబాద్ వచ్చి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. 'ఛోటా భీమ్' పోగో చానల్‌లో మొదలైంది 2008 ఏప్రిల్‌లో. ఈ రెండు సంవత్సరాల మధ్య ఉన్న ఏడేళ్ల మీదే నా కన్నంతా. విజయగాథలు చెప్పేవాళ్లు సాధారణంగా ఆ ఏడేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది.

ఆ కాలంలో ఆ సంస్థ ఖాళీగా కూర్చోలేదు. 2004లో 'విక్రమ్ బేతాళ్' చేసింది. తర్వాత కార్టూన్ నెట్‌వర్క్ కోసం చిన్ని కృష్ణుడి కథలు వరుసగా తీసింది. అప్పటికి చానళ్లలో పిల్లలు చూసే బొమ్మల్లో చాలావరకు జపాన్‌వో అమెరికావో. మన కథ మన పిల్లలు చూస్తారని చానల్‌ను ఒప్పించాలంటే మాట చాలదు, పూర్తి చేసిన సినిమా చూపించాలి. ఒక్కో సినిమా పూర్తయ్యేకొద్దీ ఆ సంస్థకు రెండు వచ్చాయి: చెప్పిన గడువుకు పని అందిస్తారనే పేరు, కలిసి పనిచేయడం తెలిసిన బృందం. ఛోటా భీమ్ ఆ రెంటి మీద నిలబడింది. మొదటి ఆలోచనకే అదృష్టం తలుపు తట్టలేదు.

ఆ పాత్రను కూడా ఒకసారి నిదానంగా చూడండి. ధోలక్‌పూర్ అనే ఊరు. బలమైన పిల్లవాడు. లడ్డూ తింటే బలం ఇంకా పెరుగుతుంది. పక్కన చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి. ఎదురుగా ఎప్పుడూ పోటీపడే కాలియా. ఐదేళ్ల పిల్లకు కూడా ఈ కథ నియమం అర్థమవుతుంది, తిరిగి తన మాటల్లో చెప్పగలుగుతుంది. వందల ఎపిసోడ్లు నడవాలంటే పాత్రకు అలాంటి ఒక్క తేట నియమం ఉండాలి. మీరు రాసుకున్న పాత్రను పక్కింటి చిన్నపిల్లకు చెప్పి, మరునాడు ఆ పిల్లనే చెప్పమనండి. చెప్పగలిగితే ముందుకు పోవచ్చు. చెప్పలేకపోతే బొమ్మ ఎంత అందంగా ఉన్నా పాత్ర ఇంకా తయారు కాలేదు.

ఇంకో నిర్ణయం ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైంది. భీమ్ పాత్ర గ్రీన్ గోల్డ్ సొంతం. అందువల్లనే ఆ బొమ్మ పుస్తకాల సంచుల మీదికి, టిఫిన్ డబ్బాల మీదికి, ఆటబొమ్మల మీదికి వచ్చినప్పుడు ఆ రాబడి పాత్రను పుట్టించినవాళ్లకు చేరింది. 2012లో 'కర్స్ ఆఫ్ దమ్యాన్' థియేటర్లకు వచ్చింది, 2024లో అదే కథ మనుషులతో తీశారు, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో 'మైటీ లిటిల్ భీమ్' మొదలైంది. 'మైటీ లిటిల్ భీమ్'లో మాటలే లేవు. పాకే వయసు పసివాడు, వాడి అల్లరి, వాడి చుట్టూ ఊరు. మాట లేదు కాబట్టి ఏ దేశం పిల్లలైనా చూడగలిగారు.

సొంత పాత్ర ఎందుకో తెలియాలంటే రెండో దారి కూడా చూడాలి. హైదరాబాద్ యానిమేషన్ చాలాకాలం బయటి దేశాల కథలకు పనిచేసి బతికింది. అందులో తప్పేమీ లేదు. వేలమంది చేతికి పని అక్కడే వచ్చింది. రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 'లైఫ్ ఆఫ్ పై'లోని పులిని సృష్టించింది ఆ సంస్థే. ఆ పనికి 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. అదే నెలలో, ఆ అవార్డుకు కొద్దిరోజుల ముందే, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ప్రపంచంలో అంతకంటే గొప్పగా పనిచేసినవాళ్లు లేరు, అయినా ఆ పులి మీద వాళ్లకు హక్కు లేదు. ఉద్యోగంలో చేరండి, పని నేర్చుకోండి, జీతం తీసుకోండి. ఆ ఏళ్లలోనే మీదైన ఒక చిన్న కథను పక్కన పెంచుకుంటూ ఉండండి.

ఇక నేర్చుకోవడం దగ్గరికి వద్దాం. మన దేశంలో యానిమేషన్ ఒక చేయి నుంచి ఇంకో చేయికి ఎలా వచ్చిందో తెలిస్తే మీకు దారి కనిపిస్తుంది. 1956లో క్లెయిర్ వీక్స్ అనే డిస్నీ కళాకారుడు బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చారు. కొత్తగా పెట్టిన కార్టూన్ విభాగంలో కుర్రవాళ్లకు పని నేర్పడం ఆయన బాధ్యత. ఆయన పాఠాలు చెప్పి ఊరుకోలేదు. ఆ కుర్రవాళ్లతోనే ఒక జాతక కథను సినిమాగా పూర్తి చేయించారు. 1957లో వచ్చిన 'ది బనియన్ డీర్' అదే. అప్పుడే ఆ విభాగంలో చేరిన రామ్‌మోహన్ తర్వాత దశాబ్దాలపాటు పనిచేసి, జపాన్ దర్శకుడు యుగో సాకో తీసిన రామాయణం యానిమేషన్‌లో భాగస్వామి అయ్యారు, మరో తరానికి నేర్పారు, 2014లో పద్మశ్రీ అందుకున్నారు. నేర్పినాయన పూర్తయిన సినిమా ద్వారా నేర్పారు. నేర్చుకున్నాయన చివరిదాకా పూర్తి చేస్తూనే ఉన్నారు.

ఈ పద్ధతి బొంబాయి దాకా వెళ్లి తెచ్చుకోవాల్సిందేమీ కాదు. జనగామ జిల్లాలో అది వందల ఏళ్లుగా ఉంది. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్యగారి ఊరు. ఒగ్గుకథను మల్లన్న పట్నాల దగ్గరినుంచి పెద్ద వేదికల మీదికి తీసుకొచ్చిన మనిషి, సంగీత నాటక అకాడమీ పురస్కార గ్రహీత, 2017 నవంబరులో కన్నుమూశారు. ఒగ్గుకథ బృందాన్ని చూసినవాళ్లకు తెలుసు: ప్రధాన కథకుడు ఒక్కడే, చుట్టూ డోలు, తాళాలు, వంత. కొత్తగా వచ్చిన పిల్లవాడికి మొదటిరోజే కథ ఇవ్వరు. వాడు వంత పడతాడు. కథకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, జనం ఎక్కడ కదిలిపోతారో, కథలో ఎల్లమ్మ ఏడ్చేచోట డోలు ఎంత తగ్గాలో వాడికి చెవిలోంచి ఒంట్లోకి దిగుతుంది. కథకుడు నీళ్లు తాగడానికి ఆగిన క్షణంలో రెండు మాటలు అందుకుంటాడు. కొన్నేళ్లకు ఒక ఘట్టం అతనికి అప్పగిస్తారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె గడ్డం సమ్మయ్యగారు చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కళలో వేషం కట్టాలనుకునే పిల్లవాడు ముందు వేషాలు మోస్తాడు, రంగులు నూరుతాడు, పెద్దల వెనక నిలబడి పాడతాడు.

యానిమేషన్ స్టూడియోలో ఈ వంత పనికి సరిగ్గా సమానమైన ఉద్యోగం ఒకటి ఉంది. ప్రొడక్షన్ కోఆర్డినేటర్. పేరు తెర మీద చిన్నగా పడుతుంది, బయట ఎవరికీ తెలియదు. ఏ షాట్ స్టోరీబోర్డు దగ్గర ఉంది, ఏది లేఔట్‌కు వెళ్లింది, ఏది దర్శకుడు తిప్పి పంపాడు, ఎవరికి జ్వరం వచ్చింది, రేపటికి ఏది అందకపోతే ఎల్లుండి ఏది ఆగిపోతుంది అని లెక్క రాసేది ఈ మనిషే. లెక్క ఎంత పెద్దదో చూడండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. చేతితో గీసే యానిమేషన్‌లో సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకు 12 బొమ్మలు. టీవీకి 11 నిమిషాల ఎపిసోడ్ అంటే 660 సెకన్లు. ప్రతి కదలికా గీయాల్సివస్తే 7,920 బొమ్మలు, అదీ తెర మీద ఒక్క పాత్ర ఉంటేనే. అంత పని భరించలేకే టీవీ సిరీస్‌లలో పాత్రను తల, చేతులు, కాళ్లుగా విడి భాగాలు చేసి కీళ్ల దగ్గర కదిలిస్తారు. ఏ షాట్‌లో కష్టపడి గీయాలి, ఏ షాట్‌లో కళ్లు మాత్రం కదిపి సరిపెట్టాలి అనే నిర్ణయమే నిర్మాతకు అసలు విద్య. అది పుస్తకంలో రాదు. ఆ లెక్కల కాగితం రోజూ రాసినవాళ్లకే వస్తుంది. బొమ్మ అంత బాగా రాని పిల్లలకు కూడా ఇక్కడ చోటుందని గుర్తుపెట్టుకోండి. కథ మీద ప్రేమ ఉండి, చెప్పిన మాట గుర్తుంచుకుని, నలుగురితో మర్యాదగా మాట్లాడగలిగితే ఈ మెట్టు మీ కోసమే.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. గురువు ఎక్కడ దొరుకుతారు?

పూర్తయిన చిన్న కథను చేతిలో పట్టుకుని వెళితే దొరుకుతారు. పెద్ద ఆలోచన, వందపేజీల రాత, "నా దగ్గర అద్భుతమైన కథ ఉంది సార్, ఒక్క అవకాశం ఇవ్వండి" అనే ఫోన్ వీటితో దొరకరు. అనుభవజ్ఞుల దగ్గర లేనిది సమయం. వాళ్లు ఒకటిన్నర నిమిషం ఇవ్వగలరు. ఆ ఒకటిన్నర నిమిషంలో చూడగలిగినది మీ దగ్గర ఉండాలి.

దాన్ని యానిమాటిక్ అంటారు. గీసిన బొమ్మలను వరుసగా పెట్టి, ఒక్కోటి ఎంతసేపు తెర మీద నిలవాలో లెక్కకట్టి, మాట, చప్పుడు కలిపిన కచ్చా రూపం. చేయడం ఇలా. ఒక చిన్న సంఘటన ఎంచుకోండి: ఒక మనిషి, ఒక కోరిక, ఒక అడ్డం. 30 నుంచి 40 బొమ్మల్లో అది పూర్తి కావాలి. పోస్టుకార్డంత కాగితాలు కత్తిరించి పెన్సిల్‌తో గీయండి. రంగులొద్దు, నీడలొద్దు. నేల మీద వరుసగా పరచి చూసుకోండి, నచ్చనివి తీసేయండి, చోటు మార్చండి. ఫోన్‌తో ఫొటోలు తీసి ఏదైనా ఎడిటింగ్ యాప్‌లో వరుసగా పెట్టి, మీ గొంతుతోనే మాటలు చెప్పండి. ఖర్చు కాగితాలకు అయినంతే. బాపు తన సినిమాలను ఇలాగే ముందు బొమ్మల్లో గీసుకుని, ఆ తర్వాతే కెమెరా దగ్గరికి వెళ్లేవారు. అంతటి చిత్రకారుడికి కూడా అది అవసరమైంది.

చేర్యాల పటం చూసిన పిల్లలకు ఇది కొత్తగా అనిపించదు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ, 2016లో జిల్లాలు విడిపోయేదాకా జనగామతో కలిసి వరంగల్ జిల్లాలోనే ఉండేది. అక్కడి నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి గట్టిపరచి, దాని మీద పురాణాన్ని అరలు అరలుగా గీస్తారు. పటం పదుల అడుగుల పొడవు ఉంటుంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు ఆ పటాన్ని చుట్ట విప్పుతూ, ఒక్కో అరను చూపిస్తూ కథ నడిపేవారు. గీసేవాళ్లు వేరు, చెప్పేవాళ్లు వేరు. ఏ ఘట్టం పెద్దగా రావాలో, ఏది చిన్న అరలో సరిపోతుందో ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి. స్టోరీబోర్డు ముందు కూర్చునే దర్శకుడు, చిత్రకారుడు, నిర్మాత చేసేదీ ఇదే సంప్రదింపు. ఒకసారి చేర్యాల వెళ్లి ఒక పాత కథాపటం ముందు కూర్చుని, ఏ అర తర్వాత ఏ అర వస్తుందో, పాత్ర కుడివైపు తిరిగి ఉన్నదెప్పుడో, ఎడమవైపు తిరిగిందెప్పుడో, ఎర్రని నేపథ్యం మీద కంటిని ఎక్కడికి లాగుతున్నారో కాగితం మీద రాసుకోండి. ఖరీదైన కోర్సుల్లో మొదటి నెల చెప్పేది అందులో చాలా ఉంది.

మహబూబాబాద్ తండాల్లో, గంగారం, కొత్తగూడ వైపు కోయ గూడేల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. మీ ఇంటి భాష తెలుగు కాకపోవచ్చు. అది మీకు అడ్డంకి అని ఎవరైనా అంటే వినొద్దు. కోయవాళ్ల వంశకథలు పడిగెలనే గుడ్డ జెండాల మీద బొమ్మలుగా నిలిచి ఉన్నాయి. మణుగూరు ప్రాంతం నుంచి ఆ కథలు పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. నానమ్మ ఏ భాషలో చెప్పిందో ఆ భాషలోనే గొంతు రికార్డు చేయండి. బొమ్మ సరిగా ఉంటే మిగతా ప్రపంచానికి అర్థమవుతుంది. 2025లో ఆస్కార్ గెలుచుకున్న 'ఫ్లో' అనే లాట్వియా సినిమాలో ఒక్క మాట లేదు. పిల్లి, కుక్క, పక్షి, చుట్టూ నీళ్లు. దర్శకుడు గింట్స్ జిల్బలోదిస్ అంతకుముందు 'అవే' అనే పూర్తి నిడివి సినిమాను ఒంటరిగా, సంగీతంతో సహా, తానే చేసుకున్నాడు. 'ఫ్లో' తయారైంది బ్లెండర్‌లో. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం. భూపాలపల్లిలో ఉన్న కంప్యూటర్‌లోకి దిగేదీ అదే బ్లెండర్. చేతితో గీయడానికి క్రిటా, ఓపెన్‌టూంజ్ ఉన్నాయి, అవీ ఉచితమే. జంతువులు గీయడం మొదలుపెట్టే భూపాలపల్లి పిల్లలు రేగొండ మండలంలో పాండవుల గుట్టకు తప్పక వెళ్లాలి. రాతి మీద వేల ఏళ్లనాటి మనుషులు నాలుగు గీతల్లో అడవిదున్నను, జింకను ఎలా పట్టుకున్నారో చూసి రావాలి.

యానిమాటిక్ పూర్తయ్యాక పంపే సందేశం చిన్నదిగా, ఒకే ప్రశ్నతో ఉండాలి. ఇలా రాయొచ్చు: "నమస్కారం. నేను మహబూబాబాద్ డిగ్రీ కాలేజీలో చదువుతున్నాను. ఒకటిన్నర నిమిషం యానిమాటిక్ చేశాను. నలభయ్యో సెకను దగ్గర అమ్మాయి ఎందుకు వెనక్కి తిరిగిందో చూసినవాళ్లకు అర్థం కావడం లేదు. ఆ ఒక్కచోటు చూసి చెప్పగలరా?" ఉద్యోగం అడగలేదు, కథ కొనమనలేదు. జవాబు వస్తే వారంలోగా ఆ చోటు సవరించి, "మీరు చెప్పినట్టు మార్చాను, ఇప్పుడు చూడండి" అని మళ్లీ పంపాలి. ఈ రెండో సందేశం పంపేవాళ్లు చాలా తక్కువ. పెద్దలు గుర్తుపెట్టుకునేది వాళ్లనే. జవాబు రాకపోతే కోపం తెచ్చుకోకుండా ఇంకొకరికి పంపండి, ఇంకో యానిమాటిక్ మొదలుపెట్టండి.

సలహా తీసుకోవడం కూడా ఒక విద్య. చూపించేటప్పుడు ముందుగా ఏమీ వివరించకూడదు. ఒక పిల్లవాడు తన బొమ్మలు సారుకు చూపిస్తున్నాడనుకోండి, మాటలు ఇలా నడుస్తాయి.

"పోరడు ఎందుకురుకుతున్నడు?"

"ఎలుగుబంటి వెంటవడ్డది సార్."

"అది నువ్వు చెప్తున్నవ్ బిడ్డా. బొమ్మల ఏడున్నది?"

"ముందుగాల చెట్ల వెనక చూపించిన సార్, చిన్నగ."

"నాకు కనవడలే. నేను జూసే తొందరల చెట్లే కనవడ్డయి. దాని నీడ ముందుగాల పోరని మీద పడితే ఎట్లుంటది?"

"అట్లయితే ఎలుగును చూపియ్యకున్నా నడుస్తది సార్!"

ఆ చివరి మాట పిల్లవాడి నోట్లోంచి వచ్చింది. సారు పెన్సిల్ పట్టుకోలేదు, ఎక్కడ అర్థం కాలేదో చెప్పి, ఒక ప్రశ్న వేశారు. పిక్సార్ సంస్థలో 'బ్రెయిన్‌ట్రస్ట్' అనే సమావేశాలు ఇదే పద్ధతిలో జరుగుతాయి. అనుభవమున్న దర్శకులు తయారవుతున్న సినిమా చూసి ఎక్కడ కథ జారిందో మొహమాటం లేకుండా చెబుతారు. దాన్ని ఎలా సరిచేయాలన్న నిర్ణయం మాత్రం ఆ సినిమా దర్శకుడిదే. పెద్దల మాట పాటించి తీరాలన్న నియమం అక్కడ లేదు. మన దగ్గర పెద్దలంటే గౌరవం ఎక్కువ, అది మంచిదే. కథ విషయంలో మాత్రం ఈ సూత్రం ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి: సమస్యను పెద్దలు చూపిస్తారు, పరిష్కారం కథ సొంతదారు వెతుక్కుంటారు.

నేర్పేవాళ్లకు ఇదే మొదటి మాట. పిల్లల బొమ్మ మీద మీరు గీయకండి. మీరు గీస్తే అది బాగుపడుతుంది, ఆ పిల్ల ఆగిపోతుంది.

రెండో మాట కొంచెం పెద్దది. ఒకరోజు వర్క్‌షాప్ పెట్టి, ఫొటో దిగి, సర్టిఫికెట్లు పంచి వెళ్లిపోవడం వల్ల ఏ కథకుడూ తయారుకాడు. నెలలు పట్టే తోడు కావాలి. 2025 మే 1 నుంచి 4 దాకా ముంబయిలో జరిగిన వేవ్స్ సదస్సు కోసం కేంద్ర సమాచార ప్రసార శాఖతో కలిసి డ్యాన్సింగ్ ఆటమ్స్ సంస్థ యానిమేషన్ ఫిల్మ్‌మేకర్ల పోటీ నిర్వహించింది. ఆ సంస్థను స్థాపించిన సరస్వతి బుయ్యాల, 'బాహుబలి' నిర్మాత శోభు యార్లగడ్డ తదితరులు కొత్తవాళ్లకు నెలలపాటు తరగతులు చెప్పారు, కథల్ని నిర్మాతల ముందు పెట్టడం నేర్పారు. చివరికి 42 ప్రాజెక్టులు ఎంపికయ్యాయి. నాకు నచ్చింది ఎంపిక కంటే ఆ నెలల తోడు. అలాంటిదాన్ని జిల్లా కేంద్రంలో చిన్నగా చేయడానికి మంత్రిత్వ శాఖ అక్కర్లేదు. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి హైదరాబాద్ స్టూడియోల్లో పనిచేస్తున్నవాళ్లు నెలకో ఆదివారం రైలెక్కి సొంతూరు వస్తే చాలు. భూపాలపల్లికి ప్రయాణికుల రైలు లేదు, వరంగల్‌లో దిగి బస్సు పట్టాలి. అందుకే అక్కడి పిల్లల దగ్గరికి ఎవరూ పోరు, అందుకే ముందు అక్కడికే పోవాలి. బడిలో ఒక గది, ఒక గోడ, ఒక ప్రొజెక్టర్. ఆరుగురికి మించకుండా పిల్లలు, వాళ్లలో సగం ఆడపిల్లలు. నెలనెలా ఒక్కొక్కరి యానిమాటిక్ చూడాలి. అది ముందుకు కదిలిందా లేదా అన్నదొక్కటే లెక్క. సంవత్సరం చివర ఆరు చిన్న సినిమాలు పూర్తవ్వాలి. బాగున్నాయా అన్న చర్చ అప్పుడు పెట్టుకోవచ్చు.

తల్లిదండ్రుల భయం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. సింగరేణి గనుల్లో నాన్న దిగి వస్తే ఇల్లు గడిచిన భూపాలపల్లిలో, ఉద్యోగమంటే కంటికి కనిపించేది కావాలి. ఆ భయాన్ని తక్కువచేసి మాట్లాడటం అన్యాయం. "కార్టూన్లు" అనే మాట వాళ్లకు ఆటలా వినిపిస్తుంది. వాళ్లకు చెప్పాల్సింది కలల గురించి కాదు. స్టోరీబోర్డు ఆర్టిస్టు, లేఔట్, రిగ్గింగ్, కాంపోజిటింగ్, ఎడిటింగ్, ప్రొడక్షన్ అని విడివిడి ఉద్యోగాలున్నాయని, ఒక్కోటికి ఏ పని చేతిలో ఉండాలో చెప్పండి. చదువు దారులూ చెప్పండి: మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్ డిగ్రీ ఉంది, ఎన్ఐడీకి డీఏటీ, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగానికి యూసీడ్ ప్రవేశ పరీక్షలున్నాయి. ప్రైవేటు కోర్సులకు లక్షలు కట్టేముందు ఒక్కటే అడగండి: "పోయిన సంవత్సరం మీ పిల్లలు పూర్తి చేసిన సినిమాలు చూపించండి." నూరు శాతం ఉద్యోగం అనే బోర్డు చూపించి సినిమా చూపించలేకపోతే లేచి వచ్చేయండి. కృత్రిమ మేధ బొమ్మలు వేసేస్తోంది కదా అనే ప్రశ్న కూడా వస్తుంది. బొమ్మ వేస్తుంది. నలభై బొమ్మల్లో ఏది తీసేయాలో, అమ్మాయి ఏ సెకనులో వెనక్కి తిరగాలో ఇంకా మనిషే నిర్ణయించాలి. ఆ నిర్ణయం నేర్చుకునే చోటే ఈ యానిమాటిక్.

చివరిగా కాగితాల సంగతి. ప్రతిభ ఉన్నవాళ్లు ఇక్కడే ఎక్కువ నష్టపోతారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా మీరు చేసిన బొమ్మ, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. కాబట్టి సొంత కథను ఆఫీసు కంప్యూటర్‌లో, ఆఫీసు సమయంలో చేయకండి. తేదీతో సహా ఇంట్లో దాచుకోండి. హక్కులు ఎవరికైనా రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, ఏ రూపాలకు అనేవి విడివిడిగా రాయించుకోండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్కిస్తుంది. బొమ్మల సినిమాకు ఇచ్చిన హక్కులో ఆటబొమ్మలు, పుస్తకాలు, ఆటల యాప్‌లు ఉన్నాయో లేవో చూడకుండా సంతకం పెట్టకండి. భీమ్ టిఫిన్ డబ్బాల కథ గుర్తుందిగా.

ఇదే న్యాయం మీరు కథ తీసుకునే మనుషుల విషయంలోనూ పాటించాలి. ఒగ్గు కథకుడి దగ్గర, డక్కలి పెద్దాయన దగ్గర, కోయ గాయకుడి దగ్గర, లంబాడీ అవ్వ దగ్గర కూర్చుని కథ వింటారు. ఆ కథ చాలాకాలంగా వాళ్ల కులానిది, వాళ్ల తెగది, వాళ్ల బతుకుతెరువు. "జానపదం కదా, అందరిదీ" అని తీసుకుపోవడం తప్పు. వినేముందు ఎందుకు వింటున్నారో చెప్పండి. కొన్ని ఘట్టాలు పూజలో భాగం, బయట చూపించకూడదంటారు. అవి వదిలేయండి, ఎందుకని వాదించకండి. ఆ రోజు కూలీకి తగ్గకుండా ఆ రోజే డబ్బివ్వండి. తెర మీద పేరు, ఊరు, కళ పేరు వేయండి. సినిమా అమ్ముడైతే వాళ్లకు వాటా ఎంతో తెలుగులో ఒక పేజీ రాసుకుని, చదవడం రానివాళ్లకు వాళ్ల మనవరాలితోనో మనవడితోనో గట్టిగా చదివించి, అప్పుడు వేలిముద్రో సంతకమో తీసుకుని, ఒక కాపీ వాళ్ల ఇంట్లో ఉంచి, ఆ తర్వాత రికార్డింగ్ మొదలుపెట్టండి.